పరమాణువులను తూచిన తరాజు : ఫ్రాన్సిస్ విలియం ఆస్టన్

తూనిక మానవ నాగరికతతో పాటుగా పుట్టిన విద్య. ధాన్యమైనా, పత్తి అయినా, బంగారమైనా తూకం లేనిదే చేతులు మారదు. మన బజారులో తరాజు అన్నా, త్రాసు అన్నా ఒకే వస్తువు. తూకంలో మోసం చేయరాదని, ఎదుటివానికి రావలసిన దానిలో చిన్నమెత్తు కూడా తగ్గించరాదని మత గ్రంథాలన్నీ ముక్తకంఠంతో ఆదేశించాయి. 12వ శతాబ్దంలో మర్వ్ నగరంలో నివసించిన అల్ ఖాజినీ అనే పండితుడు తూనికను గురించి ఒక మహాగ్రంథమే రచించి దానికి 'మీజానుల్ హిక్మ' అని, అనగా వివేకపు త్రాసు అని పేరు పెట్టాడు. లోహాలను, రత్నాలను గాలిలోను, నీటిలోను తూచి వాటి స్వచ్ఛతను, కల్తీని నిర్ణయించే పద్ధతులను ఆయన అందులో వివరించాడు.

ఆ గ్రంథం వెలువడిన ఎనిమిది వందల సంవత్సరాల తర్వాత ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరంలో మరొక త్రాసు రూపొందింది. దానికి పళ్ళాలు లేవు, ముల్లు లేదు, గుండ్లు లేవు. కంటికి కనబడని పరమాణువులను ఒక్కొక్క జాతిగా వేరుచేసి తూచిన త్రాసు అది. దానిని నిర్మించిన శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ విలియం ఆస్టన్. నేడు మన శరీరంలోని మాంసకృత్తుల నిర్మాణాన్ని పరిశోధించడానికి ప్రపంచమంతటా ఉపయోగిస్తున్న మాస్ స్పెక్ట్రోమీటర్లు ఆ త్రాసుకు సంతానమే. ఈ మహనీయుని జీవితాన్ని మా విద్యార్థినీ విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

బాల్యము, విద్యాభ్యాసము

ఆస్టన్ 1877 సెప్టెంబరు 1వ తేదీన బర్మింగ్‌హామ్ నగర సమీపంలోని హార్బోర్న్ గ్రామంలో జన్మించాడు. తండ్రి విలియం ఆస్టన్ లోహ వ్యాపారి. తల్లి ఫానీ షార్లెట్ తుపాకులు తయారుచేసే కుటుంబం నుండి వచ్చిన స్త్రీ. ఏడుగురు సంతానంలో ఆస్టన్ మూడవవాడు. బర్మింగ్‌హామ్ ఆ కాలంలో పనిముట్లకు, యంత్రాలకు పేరుపడిన నగరం. అటువంటి వాతావరణంలో పుట్టి పెరిగిన ఆ బాలునికి చేతిపని మీద మక్కువ సహజంగానే అబ్బింది.

మాల్వర్న్ కళాశాలలో చదువు ముగించి, 1893లో బర్మింగ్‌హామ్‌లోని మేసన్ కళాశాలలో చేరాడు. అక్కడ రసాయన శాస్త్రంలో ఫ్రాంక్‌లాండ్, భౌతిక శాస్త్రంలో పాయింటింగ్ ఆయనకు గురువులు. కళాశాలలో నేర్చిన దానితో తృప్తిపడక తండ్రి ఇంటిలోనే ఒక చిన్న ప్రయోగశాలను ఏర్పరచుకొన్నాడు. గాజు గొట్టాలను కాల్చి, ఊది, కావలసిన ఆకారాలు తీయడం అక్కడే అలవరచుకొన్నాడు. తరువాతి జీవితంలో ఆయనను నిలబెట్టిన విద్యలలో ఇది ముఖ్యమైనది. పుస్తకంలో ఉన్నది తలకెక్కించుకోవడం ఎంత అవసరమో, తలలో ఉన్నదానిని చేతితో చేసి చూపడం కూడా అంతే అవసరమని ఆయన జీవితం మనకు బోధిస్తున్నది.

విద్యార్థివేతనంతో కొంతకాలం ఫ్రాంక్‌లాండ్ వద్ద పరిశోధన చేసినా, జీవనోపాధి కోసం 1900లో వుల్వర్‌హాంప్టన్‌లోని ఒక బీరు కర్మాగారంలో రసాయనజ్ఞునిగా చేరవలసి వచ్చింది. అక్కడ మూడు సంవత్సరాలు పనిచేశాడు. పగలు ఉద్యోగం, తీరిక వేళలలో సొంత పరిశోధన. 1895లో రాంట్‌జన్ ఎక్స్ కిరణాలను కనుగొన్న నాటినుండి, గాలి తీసివేసిన గాజు నాళాలలో విద్యుత్తు ప్రవహించినప్పుడు కలిగే వింత కాంతులు యువ శాస్త్రజ్ఞులను ఆకర్షిస్తున్నవి. ఆస్టన్ కూడా ఆ ఆకర్షణకు లోనయ్యాడు. గాలిని తోడివేసే పంపులను, ఉత్సర్గ నాళాలను స్వహస్తాలతో తయారుచేసుకొన్నాడు. 1903లో ఉద్యోగం వదలి, పాయింటింగ్ గురువుగా బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పరిశోధకునిగా చేరాడు. ఉత్సర్గ నాళంలో ఋణ ధ్రువానికి ఆనుకొని ఉండే ఒక సన్నని చీకటి పొరను ఆయన ఆ కాలంలోనే కనుగొన్నాడు. దానిని నేటికీ ఆస్టన్ పేరుతోనే పిలుస్తున్నారు.

1908లో తండ్రి మరణించాడు. సంక్రమించిన ఆస్తితో ఆస్టన్ ప్రపంచయాత్ర చేశాడు. తిరిగివచ్చి బర్మింగ్‌హామ్‌లో ఉపన్యాసకుడైనా, ఆ ఉద్యోగంలో ఎక్కువ కాలం ఉండలేదు. కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాల అధిపతి, ఎలక్ట్రాన్‌ను కనుగొన్న సర్ జె.జె. థామ్సన్ నుండి ఆహ్వానం వచ్చింది. 1910లో ఆస్టన్ కేంబ్రిడ్జి చేరుకొన్నాడు. అప్పటికి ఆయన వయస్సు ముప్పై దాటింది. చెప్పుకోదగిన పదవి లేదు, పెద్ద పేరు లేదు. థామ్సన్‌కు సహాయకుడు మాత్రమే.

నూరేళ్ళ చిక్కుముడి

ఆస్టన్ చేపట్టిన సమస్య ఎటువంటిదో తెలియాలంటే కొంత వెనుకకు పోవాలి. 1815లో విలియం ప్రౌట్ అనే వైద్యుడు ఒక ఊహను లోకం ముందుంచాడు. మూలకాల పరమాణు భారాలన్నీ ఉదజని, అనగా హైడ్రోజన్ పరమాణు భారానికి పూర్ణ గుణిజాలనీ, కనుక సృష్టిలోని సమస్త మూలకాలూ హైడ్రోజన్‌తోనే నిర్మితమై ఉండవచ్చుననీ ఆ ఊహ సారాంశం. ఎంత అందమైన ఊహ! కాని తూకం దానిని సమర్థించలేదు. రసాయనజ్ఞులు శ్రద్ధగా తూచిన కొద్దీ క్లోరిన్ భారం 35.46 అనీ, నియాన్ భారం 20.2 అనీ తేలింది. పూర్ణాంకాలు కానే కావు. అందువల్ల ప్రౌట్ ఊహ మూలపడింది.

అయితే ఇక్కడ ఒక విషయాన్ని మనం గమనించాలి. రసాయనజ్ఞుడు తూచేది ఒక పరమాణువును కాదు. కోటానుకోట్ల పరమాణువులను కలిపి తూచి సగటు చెప్పుతాడు. ఒక మూలకంలోని పరమాణువులన్నీ ఒకే బరువు కలవని అందరూ నమ్మారు గాని, ఎవరూ చూడలేదు. సర్ విలియం క్రూక్స్ 1886లోనే ఈ నమ్మకాన్ని సందేహించాడు. 1913లో ఫ్రెడరిక్ సాడీ రేడియోధార్మిక పదార్థాల విషయంలో, రసాయన గుణాలు ఒకటే అయినా బరువులు వేరైన పరమాణువులు ఉన్నాయని సిద్ధాంతీకరించి, వాటికి ఐసోటోపులు అని పేరు పెట్టాడు. ఆ పేరును సూచించినది మార్గరెట్ టాడ్ అనే వైద్యురాలు. ఆవర్తన పట్టికలో ఒకే స్థానాన్ని పంచుకొనేవని ఆ గ్రీకు పదానికి అర్థం. కాని రేడియోధార్మికత లేని సామాన్య మూలకాల మాట ఏమిటి? అది తేలలేదు.

నియాన్ రహస్యము

థామ్సన్ ఆ కాలంలో ధన కిరణాల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. ఉత్సర్గ నాళంలో ధన విద్యుదావేశం పొందిన పరమాణువులు వేగంగా పరుగెత్తుతూ విద్యుత్ క్షేత్రంలోను, అయస్కాంత క్షేత్రంలోను వంగి, ఫోటో పలక మీద వక్రరేఖలను గీస్తాయి. బరువును బట్టి రేఖ మారుతుంది. 1912లో నియాన్ వాయువుతో ప్రయోగం చేయగా 20 వద్ద స్పష్టమైన రేఖతో పాటు 22 వద్ద మసకగా మరొక రేఖ కనిపించింది. అది కొత్త వాయువా? నియాన్ హైడ్రోజన్‌తో కలిసి ఏర్పడిన సమ్మేళనమా? లేక నియాన్‌లోనే రెండు రకాలున్నాయా?

ఈ ప్రశ్నకు సమాధానం సాధించే భారం ఆస్టన్ మీద పడింది. మొదట ద్రవీకృత వాయువు చల్లదనంలో బొగ్గు సహాయంతో నియాన్‌ను మరల మరల విభజించి చూశాడు. ఫలితం శూన్యం. తరువాత తెల్లని బంకమట్టి గొట్టాల గుండా నియాన్‌ను అనేక పర్యాయాలు స్రవింపజేశాడు. తేలిక పరమాణువులు బరువైన వాటికంటె కొద్దిగా త్వరగా గొట్టం గోడలను దాటిపోతాయి గదా! ఇలా వేరైన కొద్దిపాటి వాయువును తూచడానికి క్వార్ట్జ్ తీగలతో ఒక సూక్ష్మ త్రాసును స్వయంగా నిర్మించాడు. గ్రాములో నూరుకోట్లవ వంతును కూడా అది గుర్తించగలిగేది. నెలల తరబడి శ్రమించగా రెండు భాగాల సాంద్రతలలో తేడా కనబడింది. కాని ఆ తేడా ఒక శాతం కూడా లేదు. 1913లో బర్మింగ్‌హామ్‌లో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సభలో ఆస్టన్ ఈ ఫలితాన్ని ప్రకటించాడు. నమ్మదలచినవారు నమ్మారు, సందేహించినవారికి సందేహం మిగిలే ఉంది.

ఇంతలో ప్రథమ ప్రపంచ సంగ్రామం ముంచుకొచ్చింది. కావెండిష్ ప్రయోగశాల ఖాళీ అయింది. పరమాణు సంఖ్యల రహస్యాన్ని ఛేదించిన యువకుడు మోజ్లీ 1915లో గాలిపోలి యుద్ధరంగంలో తుపాకీ గుండుకు బలి అయ్యాడు. ఆస్టన్‌ను ఫార్న్‌బరోలోని విమాన కర్మాగారానికి పంపారు. విమానపు రెక్కల గుడ్డకు పూసే లేపనాలను పరీక్షించడం అక్కడ ఆయన పని. ఒక ప్రయోగ విమానం కూలిపోగా అదృష్టవశాత్తు ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ నాలుగేళ్ళూ నియాన్ ప్రశ్న ఆయన మనస్సును వదలలేదు. తోటి శాస్త్రజ్ఞుడు లిండమన్‌తో రాత్రులు వాదించేవాడు. ఐసోటోపుల సిద్ధాంతం మీద లిండమన్‌కు నమ్మకం తక్కువ. సంశయించే మిత్రుడు దొరకడం శాస్త్రజ్ఞునికి ఒక వరం. అతనిని ఒప్పించాలంటే వాదం చాలదు, సాక్ష్యం కావాలి.

అపూర్వ యంత్రము

1919లో కేంబ్రిడ్జికి తిరిగివచ్చిన ఆస్టన్ ఆ సాక్ష్యాన్ని సిద్ధం చేశాడు. ఆయన నిర్మించిన యంత్రానికి మాస్ స్పెక్ట్రోగ్రాఫ్ అని పేరు. దాని పనితీరును స్థూలంగా ఇలా చెప్పవచ్చు. ఉత్సర్గ నాళం నుండి వెలువడిన ధన కిరణాలు రెండు సన్నని చీలికల గుండా ప్రసరించి పలుచని పట్టీగా మారుతాయి. మొదట విద్యుత్ క్షేత్రం వాటిని ఒక వైపునకు వంచుతుంది. వేగం తక్కువైనవి ఎక్కువగాను, వేగం ఎక్కువైనవి తక్కువగాను వంగి పట్టీ వెడల్పవుతుంది. వెనువెంటనే అయస్కాంత క్షేత్రం వాటిని వ్యతిరేక దిశకు వంచుతుంది. ఈ రెండు వంపులనూ ఆస్టన్ ఎంత నేర్పుగా సరిచేశాడంటే, వేగాలు వేరైనా సరే, ఒకే ద్రవ్యరాశి గల పరమాణువులన్నీ ఫోటో పలక మీద ఒకే చోటికి చేరుకొంటాయి. పట్టకం తెల్లని కాంతిని రంగులుగా విడదీసినట్లు ఈ యంత్రం పదార్థాన్ని ద్రవ్యరాశులుగా విడదీస్తుంది. థామ్సన్ పద్ధతిలో మసకగా ఉండిన రేఖ ఇప్పుడు సూదిమొనలా స్పష్టమైంది. వెయ్యింట ఒక వంతు వరకు కొలత సరిగా వచ్చింది.

నియాన్ తన రహస్యాన్ని విప్పింది. 20, 22 అను రెండు రేఖలు విడివిడిగా నిలిచాయి. వాటి మధ్య 20.2 వద్ద ఏమియు లేదు! రసాయనజ్ఞులు పుస్తకాలలో వ్రాసుకొన్న ఆ బరువు గల నియాన్ పరమాణువు సృష్టిలో ఒక్కటి కూడా లేదు. పదింట తొమ్మిది పాళ్ళు 20 బరువు గలవి, ఒక పాలు 22 బరువు గలవి. సగటు మాత్రమే 20.2. అటులనే క్లోరిన్ 35, 37గా విడిపోయింది. ఆ తర్వాత ఆర్గాన్, క్రిప్టాన్, జినాన్, పాదరసం, ఇలా మూలకం వెంట మూలకం. ఆస్టన్ తన జీవితకాలంలో ప్రకృతి సిద్ధమైన ఐసోటోపులలో 212 వరకు కనుగొన్నాడు.

ఇక్కడ మేము ఒక్క క్షణం ఆగి విద్యార్థులకు ఒక మాట చెప్పదలచాము. సగటు అబద్ధం కాదు, కాని అది ఎవరి ముఖమూ కాదు. ఒక తరగతి సగటు మార్కులు నలభై అంటే, సరిగ్గా నలభై వచ్చిన విద్యార్థి ఆ తరగతిలో ఒక్కడూ లేకపోవచ్చు. ఒక జిల్లాను, ఒక కులాన్ని, ఒక మతస్థులను గురించి లోకం సగటున మాట్లాడుతుంది. వ్యక్తిని చూడాలంటే విడదీసి తూచే ఓర్పు ఉండాలి. ఆస్టన్ పరమాణువుల పట్ల చూపిన ఆ న్యాయాన్ని మనం మనుష్యుల పట్ల చూపగలిగితే ఎంత బాగుండును!

గురుశిష్యుల భేదాభిప్రాయము

ఆస్టన్ ఫలితాలను థామ్సన్ వెంటనే అంగీకరించలేదు. 1921లో రాయల్ సొసైటీలో జరిగిన చర్చలో కూడా ఆయన సందేహాలను వెలిబుచ్చాడు. కొన్ని రేఖలు హైడ్రోజన్ సమ్మేళనాల వల్ల ఏర్పడి ఉండవచ్చునని ఆయన అభిప్రాయం. ఆహ్వానించి చోటిచ్చిన గురువు, అందులోను ప్రపంచ ప్రఖ్యాతుడు. శిష్యుని స్థితి ఇరకాటమైనదే. కాని ఆస్టన్ గురువును ఎదిరించి వాదులాడనూ లేదు, గురుభక్తి పేరిట తన కొలతను మార్చుకొననూ లేదు. మరిన్ని మూలకాలను తూచి, మరిన్ని పలకలను చూపించాడు. కొలతలే అతని తరపున మాట్లాడాయి. వినయం వేరు, లోబడిపోవడం వేరు అన్న సంగతి దీనివల్ల మనకు బోధపడుతున్నది.

1920లో ట్రినిటీ కళాశాల, 1921లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా స్వీకరించాయి. 1922వ సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ బహుమానం ఆస్టన్‌ను వరించింది. స్టాక్‌హోమ్‌లో ఆ సంవత్సరం ఆయనతో పాటు సాడీ కూడా, వాయిదాపడిన 1921వ సంవత్సరపు బహుమానాన్ని అందుకొన్నాడు. ఐసోటోపులను ఊహించినవాడు, వాటిని కంటికి చూపినవాడు ఒకే వేదిక మీద గౌరవింపబడిన అరుదైన సన్నివేశమది.

పూర్ణాంకాలలోని లోటు

ఆమ్లజని, అనగా ఆక్సిజన్ ద్రవ్యరాశిని 16గా తీసుకొంటే తక్కిన ఐసోటోపుల ద్రవ్యరాశులన్నీ దాదాపు పూర్ణాంకాలేనని ఆస్టన్ నిరూపించాడు. ప్రౌట్ ఊహ నూరేళ్ళ తర్వాత కొత్త రూపంలో బ్రతికింది. కాని ఒక్క హైడ్రోజన్ మాత్రం 1 కాక 1.008గా నిలిచింది. నాలుగు హైడ్రోజన్ పరమాణువుల బరువు 4.03, వాటితో నిర్మితమైనదనుకొన్న హీలియం బరువు 4.00. మిగిలిన ఆ కొద్దిపాటి ద్రవ్యరాశి ఎక్కడికి పోయినట్లు? ఐన్‌స్టీన్ సూత్రం ప్రకారం అది శక్తిగా మారి ఉండాలి. ఆస్టన్ కొలతను ఆధారం చేసుకొని ఎడింగ్టన్ 1920లో సూర్యుడు, నక్షత్రాలు వెలుగుతున్నది ఈ శక్తితోనే కావచ్చునని ప్రతిపాదించాడు. ప్రయోగశాలలో ఒక పలక మీద కనిపించిన వెంట్రుకవాసి తేడా సూర్యగోళపు రహస్యానికి తాళపుచెవి అయింది.

ఆ శక్తి మానవుని చేతికి చిక్కితే ఏమగునో ఆస్టన్ ఎరుగును. తన నోబెల్ ఉపన్యాసంలోనే ఆయన, ఆ శక్తి వల్ల ఊహకందని మేలు కలుగవచ్చుననీ, అదుపు తప్పితే భూమి మీది హైడ్రోజన్ అంతా ఒక్కసారిగా మండి మన లోకమే ఒక కొత్త నక్షత్రంగా విశ్వానికి కనిపించే ప్రమాదం కూడా లేకపోలేదనీ హెచ్చరించాడు. అతని యంత్ర సూత్రం మీదనే నిర్మించిన భారీ విద్యుదయస్కాంత యంత్రాలు తరువాతి కాలంలో అమెరికాలో యురేనియం ఐసోటోపును వేరుచేశాయి. 1945 ఆగస్టు 6న హిరోషిమాను భస్మం చేసిన బాంబులో ఉన్నది ఆ యురేనియమే. త్రాసు నిష్పక్షపాతి, తూచినదానిని ఏ చేతికి ఇవ్వాలో అది చెప్పదు. ఆ నిర్ణయం మానవునిదే.

ఒక తప్పు, ఒక ఆవిష్కరణ

ఆస్టన్ జీవితంలో మిక్కిలి ఆసక్తికరమైన ఘట్టం ఇది. 1927లో మరింత మెరుగైన రెండవ యంత్రంతో హైడ్రోజన్ ద్రవ్యరాశిని 1.00778గా నిర్ణయించాడు. రసాయనజ్ఞుల సగటు కూడా దాదాపు అంతే. అందరూ సంతోషించారు. అయితే 1929లో ఆక్సిజన్‌కు కూడా 17, 18 బరువులు గల ఐసోటోపులు ఉన్నట్లు అమెరికాలో జియాక్, జాన్‌స్టన్ కనుగొన్నారు. దీనితో చిక్కు వచ్చింది. ఆస్టన్ తన తూకానికి ప్రమాణంగా తీసుకొన్నది 16 బరువు గల ఆక్సిజన్‌ను మాత్రమే. రసాయనజ్ఞుల ప్రమాణం మిశ్రమ ఆక్సిజన్. గుండ్లే వేరైనప్పుడు తూకాలు ఒకటి ఎలా కాగలవు? హైడ్రోజన్‌లో కూడా బరువైన ఐసోటోపు కొద్దిగా ఉంటేనే ఇది పొసగుతుందని బర్జ్, మెంజల్ 1931లో సూచించారు. ఆ సూచన పట్టుకొని హెరాల్డ్ యూరే వెదకి, అదే సంవత్సరం భార హైడ్రోజన్‌ను, అనగా డ్యుటీరియంను కనుగొన్నాడు. 1934లో నోబెల్ బహుమానం పొందాడు.

ఆ తర్వాత ఆస్టన్ తిరిగి తూచాడు. 1935లో హైడ్రోజన్ విలువను 1.0081గా సవరించి తానే ప్రకటించాడు. అంటే 1927 నాటి కొలతలో స్వల్పమైన దోషం ఉన్నదన్నమాట! ఆ దోషమే లేకుంటే రెండు విలువలకు పొంతన లేదన్న ప్రశ్నే తలెత్తదు. భార హైడ్రోజన్‌ను వెదకవలసిన కారణమే కనబడదు. యూరే స్వయంగా ఈ విషయాన్ని తన నోబెల్ ఉపన్యాసానికి అనుబంధంగా ప్రస్తావించాడు. ఐసోటోపులను వేటాడడంలో అగ్రగణ్యుడైన ఆస్టన్‌కే భార హైడ్రోజన్ చిక్కకపోవడం కూడా విచిత్రమే. సుమారు ఆరువేల నాలుగువందల హైడ్రోజన్ పరమాణువులలో ఒకటి మాత్రమే అది. పైగా దాని రేఖ, రెండు సామాన్య పరమాణువులు కలిసిన హైడ్రోజన్ అణువు రేఖ చాటున దాగిపోతుంది.

కీర్తి శిఖరం మీద ఉన్నవాడు తన పాత అంకెను తానే కొట్టివేయడం సామాన్యం కాదు. ఆస్టన్ ఆ పనిని నిరాడంబరంగా చేశాడు. నిజాయితీగా చేసిన కొలతలో దొరలిన పొరపాటు కూడా లోకానికి మేలు చేయవచ్చు. కావాలని సరిపెట్టిన లెక్క ఎన్నడూ మేలు చేయదు.

వ్యక్తిత్వము

ఆస్టన్ అవివాహితుడు. ట్రినిటీ కళాశాల ఆవరణలోనే జీవితం గడిపాడు. ప్రయోగశాలలో ఏకాంతమే ఆయనకు ఇష్టం. సహాయకుల బృందాన్ని గాని, శిష్యపరంపరను గాని సమకూర్చుకొనలేదు. యంత్రాన్ని అమర్చడం, పలకలను కడగడం, రేఖలను కొలవడం అన్నీ తానే. ఇది ఆయన బలము, పరిమితి కూడా. ప్రయోగశాల బయట మాత్రం ఆయన మరొక మనిషి. మంచు కొండల మీద స్కీయింగ్, టెన్నిస్, గోల్ఫ్, మోటారు ప్రయాణం, ఛాయాగ్రహణం, సంగీతం అన్నింటిలోను అభినివేశం కలవాడు. హోనలూలూలో సముద్రపు అలల మీద పలకతో స్వారీ చేయడం కూడా నేర్చుకొన్నాడు. సంపూర్ణ సూర్యగ్రహణాలను చూడడానికి 1926లో సుమత్రాకు, 1932లో కెనడాకు, 1936లో జపాన్‌కు ప్రయాణించాడు. 1945 నవంబరు 20వ తేదీన, అరవై ఎనిమిదవ ఏట, కేంబ్రిడ్జిలో పరమపదించాడు. తన ఆస్తిలో అధిక భాగాన్ని ట్రినిటీ కళాశాలకు వదలివెళ్ళాడు.

పరమాణువుల నుండి మాంసకృత్తుల వరకు

ఆస్టన్ త్రాసు ఆయనతో ఆగిపోలేదు. పరమాణువుల తర్వాత చిన్న అణువులను తూచారు. కాని జీవానికి ఆధారమైన మాంసకృత్తులు, అనగా ప్రోటీన్లు, చాలకాలం ఆ త్రాసుకు అందలేదు. కారణం స్పష్టమే. ఈ యంత్రంలో పదార్థం వాయువుగా మారి విద్యుదావేశం పొందాలి. ప్రోటీన్‌ను వేడిచేస్తే ఆవిరి కాదు. కోడిగ్రుడ్డు తెల్లసొనలా గట్టిపడి, చివరకు మాడిపోతుంది. ఈ అడ్డంకిని 1980లలో దాటారు. అమెరికాలో జాన్ ఫెన్ ప్రోటీన్ ద్రావణాన్ని సూదిమొన వద్ద విద్యుత్తుతో సన్నని తుంపరగా వెదజల్లి, నీరు ఆవిరైపోగా మిగిలిన ప్రోటీన్‌ను చెడకుండా యంత్రంలోకి పంపాడు. జపాన్‌లో కోయిచి తనాకా లేజర్ కాంతితో అదే పని సాధించాడు. తనాకా ఒక కంపెనీలో ఇంజనీరు, డాక్టరేటు లేదు. పొరపాటున కోబాల్టు పొడిలో గ్లిసరిన్ కలిసిపోగా, ఖరీదైన పొడిని పారవేయ మనసొప్పక దానితోనే ప్రయోగం చేస్తే ఫలితం వచ్చింది. 2002లో వీరిద్దరికీ నోబెల్ బహుమానంలో భాగం లభించింది.

దీని ప్రయోజనం తెలియడానికి ఒక ఉదాహరణ చాలు. మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజనులలో కొడవలి కణ వ్యాధి కనబడుతుంది. రక్తంలోని హీమోగ్లోబిన్ బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలున్నాయి. వాటిలో ఆరవ స్థానంలోని గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వేలిన్ రావడమే ఆ వ్యాధికి మూలం. దీనిని 1950లలో వెర్నన్ ఇంగ్రామ్ అదే కావెండిష్ ప్రయోగశాలలో వేరే పద్ధతులతో శ్రమపడి కనుగొన్నాడు. నేటి మాస్ స్పెక్ట్రోమీటరులో ఆరోగ్యవంతుని గొలుసు సుమారు 15,867 వద్ద, వ్యాధిగ్రస్తుని గొలుసు 15,837 వద్ద కనబడతాయి. ఒక మనిషి జీవితాంతం పడే బాధ వెనుక ఉన్న తేడా కేవలం 30 హైడ్రోజన్ పరమాణువుల బరువు! ఆ తేడా ఏ స్థానంలో ఉన్నదో తెలియాలంటే ట్రిప్సిన్ అనే ఎంజైముతో గొలుసును ముక్కలు చేసి, ముక్కలను ఒక్కొక్కటిగా తూచుతారు.

గొలుసు ఏ విధంగా ముడుచుకొని ఉన్నదో కూడా తూకంతోనే తెలుసుకోవచ్చు. పోచంపల్లి నేతగాడు నూలును అక్కడక్కడ గట్టిగా కట్టి రంగులో ముంచుతాడు. కట్టు పడిన చోట రంగు ఎక్కదు. అదే విధంగా ప్రోటీన్‌ను భారజలంలో ఉంచితే, వెలుపలికి తెరచుకొని ఉన్న భాగాలలోని హైడ్రోజన్ స్థానాన్ని భార హైడ్రోజన్ త్వరగా ఆక్రమిస్తుంది. లోపల ముడుచుకొన్న భాగాలు నెమ్మదిగా మారతాయి. పిదప ముక్కలు చేసి తూచితే, ఎక్కువ బరువు పెరిగిన ముక్క బయట ఉన్నదనీ, పెరగనిది లోపల భద్రంగా ఉన్నదనీ తెలుస్తుంది. ఒక మందు ప్రోటీన్‌ను ఏ చోట అంటుకొంటుందో కూడా ఈ రీతిగానే గుర్తిస్తారు. ఆస్టన్ చేతికి చిక్కక తప్పించుకొన్న భార హైడ్రోజన్ చివరకు ఆయన త్రాసులోనే, జీవరహస్యాన్ని చెప్పే సాక్షిగా వచ్చి నిలబడింది. మన హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రంలోను, భారత రసాయన సాంకేతిక సంస్థలోను ఇటువంటి యంత్రాలు పనిచేస్తున్నాయి. మన విద్యార్థులకు అవి దూరపు వస్తువులు కావు.

ఉపసంహారము

బీరు కర్మాగారంలో ఉద్యోగిగా ఉంటూ తీరిక వేళలలో గాజు నాళాలు ఊదుకొన్న యువకుడు నోబెల్ బహుమానం పొందడానికి తోడ్పడినవి ఏవి? అసాధారణమైన గణిత ప్రతిభ ఆయనకు లేదు. ఉన్నవి నేర్పుగల చేతులు, అలుపెరుగని ఓర్పు, ఒకే ప్రశ్నను పట్టి విడువని పట్టుదల, తన అంకెను తానే సరిదిద్దుకొనగల నిజాయితీ. వీటిలో ఏదీ ధనవంతుల సొత్తు కాదు, ఒక జాతికో మతానికో పరిమితమైనది కాదు. మన కళాశాల ప్రయోగశాలలోని పాత త్రాసు ముందు నిలబడిన విద్యార్థిని కూడా, ముల్లు నిలిచేదాకా ఆగి, కనిపించిన అంకెనే నోటు పుస్తకంలో వ్రాసుకొన్ననాడు ఆస్టన్ అడుగుజాడలలో నడిచినట్లే. పక్కవాని పుస్తకం చూసి సరిపెట్టుకొన్న అంకె మార్కులు తెచ్చిపెట్టవచ్చును గాని సత్యాన్ని తెచ్చిపెట్టదు. అల్ ఖాజినీ తన గ్రంథానికి వివేకపు త్రాసు అని పేరు పెట్టడంలోని అంతరార్థం ఇదేనని మా విశ్వాసం. ఆ త్రాసును మా విద్యార్థినీ విద్యార్థులు నిటారుగా పట్టుకొందురు గాక!